లండన్ గడియారం, మన గడియారం

భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. అంటే ఒక్కొక్క డిగ్రీకి 4 నిమిషాలు పడుతుందన్నమాట. 1884లో వాషింగ్టన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం లండన్‌లోని గ్రీనిచ్ మీదుగా పోయే రేఖాంశాన్ని సున్నాగా నిర్ణయించింది. మన దేశ ప్రామాణిక కాలానికి ఆధారం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం. మన కాకినాడకు దగ్గరగా పోయేది ఇదే. 82½ను 4తో గుణిస్తే 330 నిమిషాలు. మనం తూర్పున ఉన్నాం కనుక లండన్ కంటే అయిదున్నర గంటలు ముందుంటాం.

లెక్క ఇంతటితో అయిపోదు. అక్కడ మార్చి చివరి ఆదివారం గడియారాలను ఒక గంట ముందుకు జరుపుతారు, అక్టోబరు చివరి ఆదివారం మళ్ళీ వెనక్కి తిప్పుతారు. కాబట్టి వాళ్ళ వేసవిలో తేడా నాలుగున్నర గంటలే.

పై చదువులకు లండన్ వెళ్ళే మిత్రులకు నేను చెప్పేదొకటే. లెక్కతోపాటు రెండుచోట్లా మనుషుల దినచర్యను కూడా గుర్తుపెట్టుకోవాలి. జూన్‌లో అక్కడ రాత్రి తొమ్మిదింటికీ సూర్యుడు అస్తమించడు. ఇంకా పొద్దుంది గదా అని ఎనిమిదింటికి ఇంటికి ఫోన్ చేస్తే ఇక్కడ అర్ధరాత్రి పన్నెండున్నర! తెల్లవారుజామునే పొలానికి పోవలసిన అమ్మానాన్నలు ఆ వేళ ఫోన్ మోగితే ఏం కీడు వినాలోనని అదిరిపడి లేస్తారు. అదే మధ్యాహ్నం మూడింటికి చేస్తే ఇక్కడ రాత్రి ఏడున్నర. అన్నం తిని అరుగు మీద కూర్చునే వేళ. డిసెంబరులో నాలుగు కాకముందే అక్కడ పొద్దుగుంకుతుంది. అప్పుడు మూడింటికి చేసినా ఇక్కడ ఎనిమిదిన్నర అవుతుంది, ఒక గంట ముందే చేయాలి.

కనుక ప్రయాణానికి ముందే ఆ రెండు ఆదివారాలనూ డైరీలో రాసి పెట్టుకోండి.