కేబుల్ లేకుండా గాలిలో ఫైబర్ స్పీడ్: ఎలా సాధ్యం?

తార్నాకలో రోడ్డు తవ్వారంటే ఓయూ క్యాంపస్‌కి దగ్గర్లో ఉన్న మా రూమ్‌లో నెట్ పోయినట్టే. కింద ఫైబర్ తెగుతుంది. మరి కేబుల్ లేకుండా కాంతితో డేటా పంపలేమా? పంపొచ్చు. దీన్నే ఆప్టికల్ వైర్‌లెస్ అంటారు.

ఎలా పనిచేస్తుంది?
రెండు బిల్డింగ్‌ల మీద ఎదురెదురుగా బాక్సులు పెట్టి, మధ్యలో కంటికి కనిపించని సన్నని లేజర్ కిరణం పంపుతారు. గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్‌లో పుట్టిన 'తారా' లింక్ గరిష్ఠంగా 20 కిలోమీటర్ల దాకా 20 జీబీపీఎస్ ఇస్తుంది. 2017లోనే ఏపీ ఫైబర్‌నెట్ ఆల్ఫాబెట్‌తో ఇలాంటి 2,000 లింకులకు ఒప్పందం చేసుకుంది. ఆఫ్రికాలో కాంగో నది మీదుగా కిన్షాసా, బ్రాజవిల్ నగరాలను కలిపింది కూడా తారానే.

చిక్కు ఎక్కడ?
పొగమంచుతో. ఫైబర్‌లో కిలోమీటరుకు నష్టం సుమారు 0.2 డీబీ, అంటే 95 శాతం కాంతి అవతలికి చేరుతుంది. దట్టమైన పొగమంచులో ఆ నష్టం 100 డీబీ దాటొచ్చు. అప్పుడు వెయ్యి కోట్లలో ఒక వంతు కాంతి కూడా మిగలదు! వానకంటే మంచే ప్రమాదం, ఎందుకంటే మంచు బిందువుల సైజు కాంతి తరంగదైర్ఘ్యానికి దగ్గరగా ఉంటుంది.

ఏది బెటర్?
నా లెక్కలో ఒకటి కాదు, రెండూ కావాలి. తవ్వితే ఫైబర్ పోతుంది, మంచు కమ్మితే లేజర్ పోతుంది. రెండూ ఒకేసారి పోవడం అరుదు. మెయిన్ లైన్‌కి ఫైబర్, బ్యాకప్‌కి లేజర్ ఉంటే తార్నాకలో ఎన్ని గుంతలు తవ్వినా ఆన్‌లైన్ ఎగ్జామ్ మధ్యలో ఆగదు.