జడలోని జ, జిల్లాలోని జ

ప్రశ్న: మా అమ్మాయి జీరో, జీప్ రెండిట్లోనూ ‘జ’ని ఒకేలా పలుకుతోంది. పాతికేళ్లు దాటాక మారుతుందా?
– ఓ పాఠకురాలు, ధవళేశ్వరం

జవాబు: మార్చుకోవచ్చండీ. జీరోకి కావలసిన చోటు తెలుగు నాలుకకి ముందే తెలుసు. ‘జిల్లా’ అన్నప్పుడు నాలుక అంగిలికి తగులుతుంది. ‘జడ’ అన్నప్పుడు కొన పళ్ల దగ్గరకొస్తుంది. మీ ఊరి ఆనకట్ట పూర్తయిన 1852లోనే వెలువడిన బ్రౌన్ నిఘంటువు ఈ రెంటినీ వేరుగా గుర్తించింది. చిక్కల్లా, అచ్చతెలుగులో జడలోని జ సాధారణంగా అ, ఉ, ఒల ముందే వస్తుంది. ఇ, ఎలు రాగానే నాలుక అలవాటుగా వెనక్కి పోతుంది. అందుకే ‘జూ’ కంటే ‘జీరో’ కష్టం. ముందు ‘స్‌స్‌స్’ అని సాగదీసి, నాలుక కదపకుండా గొంతు మోగించమనండి. ఆ మోతను మొదట ‘ఊ’కీ, తర్వాత ‘ఈ’కీ కలపాలి. నాలుక కొన పైన అంటుకోకూడదు, గాలి ఆగకూడదు.

సందర్భాన్ని బట్టి అర్థమవుతుందిగా అనేవారున్నారు. మాటల్లో చాలావరకు నిజమే. కానీ ఫోన్‌లో పేరు అక్షరం అక్షరంగా చెప్పేటప్పుడు సందర్భం సాయపడదు: అమెరికాలో ఇంగ్లిష్ ఏడో అక్షరం, చివరి అక్షరం రెండూ మన రాతలో ‘జీ’యే. యాస అలాగే ఉండనివ్వండి. ఈ తేడా ఒక్కటి మాత్రం రోజూ కాసేపు సాధన చేయించండి.