కల్లు కంటే ముందు చెట్టు: తాటివనాల యాత్రికునికి ఒక పాఠం



ద్రాక్షారసం అనగానే మనకు రెండు దృశ్యాలు గుర్తుకు వస్తాయి. ఒకటి కానా ఊరి పెండ్లి పందిరి. రెండవది దివ్యబలిపూజలో గురువు చేతిలోని పాత్ర. కాని ద్రాక్ష పండే దేశాలలో మరో అలవాటు కూడా ఉంది. సెలవులు రాగానే కుటుంబాలు బయలుదేరి, పెద్దగా పేరు లేని ద్రాక్షసీమలను వెదుక్కుంటూ పోతాయి. ఆ నేల ఎటువంటిదో, ఆ తీగను ఎలా పెంచుతారో, పండు ఎవరు కోస్తారో చూసి వస్తాయి. అది తాగుడు యాత్ర కాదు, నేలను చదివే యాత్ర.

అటువంటి యాత్ర మన రేగొండ నుండి చేయలేమా? తప్పక చేయవచ్చు. మన దగ్గర ద్రాక్షతీగకు బదులు తాళ్ళు, ఈదులు, ఇప్పచెట్లు ఉన్నాయి. ఈ వారం పాఠం వాటిని గురించినదే. ఇది తాగమని చెప్పే పాఠం కాదు, తాగేవారిని తిట్టే పాఠమూ కాదు. ఒక రసం వెనుక ఉన్న నేలను, చెట్టును, మనిషిని ఎలా చూడాలో తెలిసికొనడమే దీని ఉద్దేశం.

స్పెయిన్ దేశంలో పేరు తెలియని తోటలు

ముందుగా దూరదేశం సంగతి చూద్దాము. స్పెయిన్ ద్రాక్షారసం అంటే లోకమంతా రియోహా సీమ పేరు చెబుతుంది. అయితే ఓపిక గల యాత్రికుడు వేరే దారులు పడతాడు. వాయవ్యాన గలీసియాలో రిబేరా సాక్రా అనే సీమ ఉంది. ఆ పేరుకు ‘పవిత్ర తీరం’ అని అర్థం. సీల్, మీనో నదుల లోయలలో పూర్వం వెలసిన మఠాలు ఆ ప్రాంతానికి పేరు తెచ్చాయి. అక్కడి కొండవాలు ఎంత నిటారుగా ఉంటుందంటే యంత్రాలు నడవవు. రాతికట్టలతో మెట్లు మెట్లుగా నేలను నిలబెట్టి, పండ్ల గంపలను మనుషులే మోస్తారు. 1996లో ఆ సీమకు అధికారికంగా గుర్తింపు వచ్చింది.

మరొకటి ఆఫ్రికా తీరానికి చేరువలో ఉన్న లాంసరోటే ద్వీపం. అక్కడ 1730 నుండి 1736 వరకు అగ్నిపర్వతాలు బద్దలై, మంచి పొలాలను నల్లని బూడిద కప్పివేసింది. అక్కడ మిగిలిన రైతులు పట్టు విడువలేదు. బూడిదలో గుంటలు తవ్వి, అడుగున దొరికిన మట్టిలో తీగ నాటి, గాలి తగలకుండా చుట్టూ అర్ధచంద్రాకారంలో రాళ్ళు పేర్చారు. బూడిద తేమను పట్టి ఉంచింది, తీగ బ్రతికింది.

మూడవది తార్రగోనా దగ్గరి ప్రియోరాత్. పన్నెండవ శతాబ్దంలో కార్తూసియన్ మఠవాసులు అక్కడ స్థిరపడి ద్రాక్ష సాగు చేశారు. వారి మఠం పేరు స్కాలా దేయి, అంటే ‘దేవుని నిచ్చెన’.

ఈ మూడింటికీ ఒక పోలిక ఉంది. సీసా మీద ఆ సీమ పేరు ఉంటుంది. పండు ఆ నేలదే అని నియంత్రణ మండలి నిర్ధారించాలి. వేరే చోటి పండుతో చేసి ఆ పేరు పెట్టుకొనడానికి వీలు లేదు. కనుక ఏ దేశంలో కొన్నవాడైనా ‘ఈ తీగ ఫలానా కొండ మీద నిలిచింది’ అని తెలిసికొనగలడు.

మన శ్రీసభ కూడా అటువంటి నియమాన్నే పెట్టింది. 1983లో వెలువడిన ధర్మశాస్త్రంలోని 924వ సూత్రం ప్రకారం, పీఠం మీద వాడే రసం ద్రాక్షపండు నుండి సహజంగా వచ్చినదై ఉండాలి, చెడిపోనిదై ఉండాలి. ఇందులో రెండు ప్రశ్నలు ఉన్నాయి: ఇది ఏ చెట్టుది? ఇది స్వచ్ఛమైనదేనా? మన ఊరి కల్లు ముందు నిలబడి ఈ రెండు ప్రశ్నలనే అడిగి చూద్దాము.

సీసాలో నిలువని రసం

తాటిగెల చివరను పదునైన కత్తితో పలుచగా చెక్కితే తీయని నీరు చుక్కలు చుక్కలుగా లొట్టిలోకి దిగుతుంది. అందులో నూటికి పది, పదిహేను పాళ్ళు చక్కెరే. దిగిన క్షణం నుండి గాలిలోను, లొట్టిలోను ఉన్న సూక్ష్మజీవులు ఆ చక్కెరను మత్తుగా మార్చడం మొదలు పెడతాయి. కొన్ని గంటలలో నూటికి నాలుగైదు పాళ్ళ మత్తు చేరుతుంది. మరునాటికి పులిసి, ఆపై పుల్లనీళ్ళవుతుంది. లొట్టి లోపల సున్నం పూస్తే పులియడం ఆగుతుంది. ఆ తీయని నీటిని కాచితే తాటిబెల్లం వస్తుంది. పులియక ముందు చల్లగా ఉంచిన రసమే నీరా. 2023 మే నెలలో హైదరాబాదు నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ తెరిచింది దీని కోసమే.

ద్రాక్షారసానికి, కల్లుకు అసలు తేడా ఇక్కడే ఉంది. ద్రాక్షారసం ఏళ్ళ తరబడి నిలువ ఉండి, ఓడ ఎక్కి మన దగ్గరకు వస్తుంది. కల్లు రాదు, దాని దగ్గరకు మనమే వెళ్ళాలి. సీసా మీద పేరు లేదు కాబట్టి ఊరి పేరు, చెట్టు పేరు, గీసినవారి పేరు మనమే అడిగి తెలిసికొనాలి. అడగకపోతే ఆ సీమ ఎప్పటికీ పేరులేని సీమగానే మిగిలిపోతుంది.

రేగొండ నుండి బయలుదేరితే

2016 వరకు వరంగల్ జిల్లాలో, ఇప్పుడు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఉన్న రేగొండకు ప్రయాణికులు పాండవుల గుట్టలోని ప్రాచీన శిలాచిత్రాలు చూడటానికి వస్తారు. అలా వచ్చినప్పుడు చెరువు కట్టల మీద, పొలం గట్ల మీద నిలిచిన చెట్లను కూడా చదవండి.

తాటిచెట్టులో మగది వేరు, ఆడది వేరు. పది పదిహేనేళ్ళు దాటి గెల వేసేవరకు ఏది ఏదో తెలియదు. అంటే తాటివిత్తు నాటినవాడు తన కోసం కాదు, తన పిల్లల కోసం నాటుతున్నాడు. పోద్దాడు, పరుపుతాడు, పండుతాడు అని గౌడన్నలు పిలిచే పేర్లు వినండి. ఏ నెలలో ఏ చెట్టు పారుతుందో వారిని అడగండి. పిల్లలకు ఎండాకాలంలో ముంజలు, చలికాలంలో గేగులు ఉండనే ఉన్నాయి.

ఈతచెట్టును గెల దగ్గర గీయరు. తల కింద కాండాన్నే చెక్కుతారు. ఒక ఏడు ఒక వైపు, మరుసటి ఏడు ఎదురు వైపు. అందువల్ల పాత ఈదు ఒళ్ళంతా కుడిఎడమలుగా గంట్లు కనిపిస్తాయి. ఆ గంట్లు లెక్కపెడితే ఆ చెట్టు ఎన్నేళ్ళు మనిషికి రసం ఇచ్చిందో చెప్పవచ్చు. పిల్లల చేత లెక్కపెట్టించండి, ఏ పుస్తకంలోనూ దొరకని పాఠం అది.

భూపాలపల్లి దాటి ములుగు అడవుల వైపు సాగితే ఇప్పచెట్లు ఎదురవుతాయి. మార్చి, ఏప్రిల్ నెలలలో తెల్లవారకముందే పూలు రాలుతాయి. కోయ కుటుంబాలు గంపలతో ఏరుకుంటాయి. ఆ పువ్వు ఎండబెడితే తిండి, కాచి దింపితే సారా. సారా కాయడం చట్టరీత్యా నేరం. అయినా పువ్వును నేరంగా చూడకండి, అది అడవి పెట్టే అన్నం. ఇంకా దూరం పోగలిగినవారు గోదావరి దాటి అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యంలో జీలుగుచెట్టును చూడవచ్చు. అది పై నుండి కిందకు గెల తరువాత గెల వేసి, చివరి గెలతో తానూ ఎండిపోతుంది.

ఖిలాషాపూర్ కోట

తాటివనాల చరిత్ర తెలియాలంటే జనగామ జిల్లా రఘునాథపల్లి మండలంలోని ఖిలాషాపూర్‌కు వెళ్ళాలి. అక్కడ శిథిలమైన కోట సర్వాయి పాపన్నది. గీత కులంలో పుట్టిన ఈయన మొగలు అధికారాన్ని ఎదిరించి సైన్యం కూడగట్టాడు. 1708లో ఓరుగల్లు మీద పడి దోచి, అనేకులను చెరపట్టాడు. 1709లో బహదూర్ షా చక్రవర్తి హైదరాబాదుకు వచ్చినప్పుడు కానుకలతో దర్శనం చేసికొని గౌరవ వస్త్రం పొందాడు. 1710లో పట్టుబడి చంపబడ్డాడు. మొగలు చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ ఆయనను దొంగగా రాశాడు. పల్లె కథకులు వీరునిగా పాడారు. ఈ రెండు మాటలనూ చెవిన పెట్టి, ఆ గోడల మధ్య నిలబడి ఆలోచించండి. మోకు పట్టిన చేయి కోట కట్టిందన్నది మాత్రం ఇద్దరూ కాదనని నిజం.

చెట్టు మీది మనిషి

ఒక లెక్క వేద్దాము. ఒక గౌడన్నకు పది చెట్లు, ఒక్కొక్కటి 50 అడుగులు అనుకొనండి. ఉదయం, సాయంత్రం ఎక్కితే రోజుకు వెయ్యి అడుగులు పైకి, వెయ్యి అడుగులు కిందికి. నడుముకు మోకు, ముస్తాదులో కత్తి, వీపున లొట్టి. వాన పడితే చెట్టు జారుతుంది. మోకు జారితే ప్రాణమే పోతుంది, లేదా నడుము విరిగి జీవితమంతా మంచం మీదనే గడపాలి. రిబేరా సాక్రా కొండవాలు మీద కూలివారి కష్టాన్ని మెచ్చుకొనే లోకం, మన ఊరి తాటి మీది మనిషిని తలెత్తి అయినా చూడదు.

2024 జూలై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో రాష్ట్ర ప్రభుత్వం ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో నడుము పట్టీలు, తాళ్ళతో కూడిన రక్షణ సామగ్రిని గీత కార్మికులకు ఇవ్వడం ప్రారంభించింది. మీరు వెళ్ళిన ఊరిలో అది అందిందా, అందితే వాడుతున్నారా అని అడగండి. ఆ ప్రశ్న ఆయనకు మర్యాద.

“చెట్టు ఎక్కడ?”

ఇప్పుడు రెండవ ప్రశ్నకు వద్దాము: ఇది స్వచ్ఛమైనదేనా? ఒక చెట్టు రోజుకు ఇచ్చేది కొద్దిపాటి రసమే. దానికి కాలం ఉంది, విరామం ఉంది. మరి చుట్టుపక్కల ఒక్క తాడు కూడా లేని పట్నపు కల్లు కాంపౌండులో ఏడాది పొడుగునా వందలమందికి ఎక్కడి నుండి వస్తున్నది? నీళ్ళలో చక్కెర కలిపి, మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డయజిపామ్, ఆల్ప్రజోలం వంటి మందులు కలపడం తెలంగాణలో పదే పదే బయటపడింది. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించారు.

దీనిలో కుటుంబాలు తెలిసికొనవలసిన సంగతి ఒకటుంది. ఈ మందులకు అలవాటు పడినవారు ఒక్కసారిగా మానితే చేతులు వణుకుతాయి, మూర్ఛలు వస్తాయి, పిచ్చి పట్టినట్లు ప్రవర్తిస్తారు. 2015లో కల్తీ మీద దాడులు పెరిగినప్పుడు తెలంగాణలోని పలు జిల్లాలలో ఆసుపత్రులు ఇటువంటి వారితో నిండాయి. అది దయ్యం కాదు, నటన కాదు. ఇంట్లో కట్టివేయకండి, తిట్టకండి. వెంటనే ప్రభుత్వాసుపత్రికి తీసికొని వెళ్ళి, ఏమి తాగేవాడో వైద్యునికి దాచకుండా చెప్పండి. మాన్పించడం వైద్యుని పర్యవేక్షణలోనే జరగాలి.

యాత్రికునికి కూడా రక్షణ ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది. మండువ దగ్గర ఆగితే ముందు “చెట్టు ఎక్కడ?” అని అడగండి. చెట్టు చూపగలిగినవాడు తన పనిని చూపుతున్నాడు. చూపలేనివాని దగ్గర ఆగవద్దు. బండి నడిపేవారు, పిల్లలు, గర్భిణులు మత్తును ముట్టనే వద్దు. వారికి ముంజలు చాలు.

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని సామెత. ఆ మాటకు జంకి మనవారు ఎందరో ఆ చెట్టు కిందకే పోరు. పోయినా తాగడానికే పోతారు. మూడవ దారి ఒకటి ఉంది: చెట్టును చూడటానికి, ఎక్కేవానితో మాట్లాడటానికి పోవడం.

కుటుంబంలో చర్చించుకొనుటకు ప్రశ్నలు

1. మన ఊరిలో ఎన్ని తాళ్ళు, ఎన్ని ఈదులు మిగిలి ఉన్నాయి? పదేళ్ళ కింద ఎన్ని ఉండేవి? పెద్దలను అడగండి.

2. మన విచారణలో గీత పని చేసే కుటుంబాలు ఉన్నాయా? చెట్టు మీది నుండి పడి మంచాన ఉన్నవారు ఎవరైనా ఉన్నారా? వారిని చివరిసారి ఎప్పుడు పలకరించాము?

3. మన ఇంట్లో, మన వాడలో కల్తీ కల్లుకు అలవాటు పడినవారు ఉంటే, వారిని తిట్టక వైద్యుని దగ్గరకు ఎలా తీసికొని వెళ్ళగలము?

4. ఈ వానాకాలంలో మన కుటుంబం తరపున చెరువు కట్ట మీద పది తాటివిత్తులు నాటగలమా? వాటి కల్లు, ముంజలు మనము చూడకపోవచ్చు. మన మనుమలు చూస్తారు.