నవ్వినవాళ్ల పాత్ర ఎవరు వేస్తారు?

పిల్లలతో నాటకాలు ఆడించడం నా ఉద్యోగంలో ఎక్కడా రాసి లేదు, కానీ ఉద్యోగమంతా చేసిన పని అదే. రిటైరయ్యాక కూడా వదల్లేదు. ఈ మధ్య కొత్త టీచర్లు కలిసినప్పుడల్లా ఒకటే అడుగుతున్నారు: అన్ని సంస్కృతులనూ గౌరవించాలని పోస్టర్లు పెట్టాం, ప్రార్థనలో చెప్పించాం, అయినా పిల్లలు ఒకరినొకరు వెక్కిరించడం మానలేదు, ఏం చేయాలి అని. పోస్టరు ఎవరినీ ఏమీ అడగదు కదా! ప్రేక్షకుడే లేచి కథలోకి రాగలిగే నాటకం ఒకటుంది. బ్రెజిల్ నాటకకర్త అగస్తో బోవాల్ (1931–2009) దానికి ఫోరం థియేటర్ అని పేరు పెట్టాడు. మన దేశంలో సంజయ్ గంగూలీ 1985లో మొదలుపెట్టిన జన సంస్కృతి బృందం దాన్ని బెంగాల్ పల్లెల్లోకి తీసుకెళ్లింది. నేను ఆదిలాబాద్ వైపు గురుకుల హాస్టళ్లలో, హైదరాబాద్ చుట్టూ ఇటుక బట్టీల దగ్గర ఆడించాను. నాకు తెలిసొచ్చినవి ఇవి.

1. కథ చెడిపోయే చోటే ఆపండి.

నేను ఎక్కువసార్లు ఆడించిన కథ చాలా చిన్నది. ఉట్నూరు వైపు గోండుగూడెం నుంచి ఒక అమ్మాయి వచ్చి ఎనిమిదో తరగతిలో చేరింది. దసరా సెలవులకు ఇంటికెళ్లి వస్తూ, అమ్మ చేసిన ఇప్పపువ్వు లడ్డూలు డబ్బాలో తెచ్చుకుంది. రాత్రి అన్నాల దగ్గర మూత తీసింది. ఎదుటి వరసలో ఒకమ్మాయి ముక్కు మూసుకుని ‘‘సారా వాసనొస్తుందే’’ అంది. వరసంతా నవ్వింది. పక్కనే కూర్చున్న స్నేహితురాలు కూడా, కొంచెం ఆలస్యంగా, నవ్వింది. వార్డెన్ వచ్చి ‘‘ముందుగాల గా డబ్బ బయట పారెయ్’’ అంది. అంతే. పది నిమిషాల్లో అయిపోతుంది.

పిల్లలు ఊరుకోరు, తర్వాతేమైందంటారు. ఏమీ కాలేదంటాం. వార్డెన్ మనసు మారి, అందరూ కలిసి లడ్డూలు తిని పాట పాడారని రాయడం ఎంతసేపు? చూసినవాళ్లకు హాయిగా ఉంటుంది, ఆ హాయి పట్టుకుని వెళ్లి పడుకుంటారు. మేం మాత్రం అదే కథను మళ్లీ మొదటి నుంచి ఆడతాం. ఈసారి చూసేవాళ్లలో ఎవరైనా ‘ఆపండి’ అనొచ్చు, లేచి వచ్చి పాత్రధారిని పక్కకు జరిపి తాను చేయదలచుకున్నది చేయొచ్చు. కూర్చున్నచోటి నుంచి సలహాలు చెప్పడం కుదరదు.

ఈ సంగతి బోవాల్‌కు 1973లో పెరూలో తెలిసింది. అక్కడ వయోజన విద్య కార్యక్రమంలో పనిచేస్తూ ఒక నాటకం ఆడించాడు. మోసం చేసిన మొగుడితో పెళ్లాం ఎలా మాట్లాడాలో ప్రేక్షకుల్లో ఒకామె చెబుతూ వచ్చింది. నటి ఎలా చేసినా ‘అలా కాదు’ అంటుంది. విసిగి ఆమెనే రమ్మన్నారు. ఆమె వచ్చి చేసి చూపించేదాకా, ‘మాట్లాడటం’ అంటే ఆమె మనసులో ఏముందో ఎవరికీ అంతుబట్టలేదు.

2. ఎవరి పాత్రలోకి రానివ్వాలో ముందే తేల్చుకోండి.

బోవాల్ నియమం ప్రకారం అన్యాయం జరిగిన పాత్రలోకే ప్రేక్షకుడు రావాలి. ఆయన ముందు కూర్చున్నవాళ్లు చాలావరకు ఆ అన్యాయమే పడుతున్న కూలీలు, రైతులు కాబట్టి ఆ నియమం సరిపోయింది. మన హాస్టల్లో కూర్చునేవాళ్లు వేరు. గోండు పిల్లలు నలుగురైదుగురుంటే, మిగతా అందరూ నవ్వినవాళ్లో, రేపు నవ్వబోయేవాళ్లో. వాళ్లను ఆ అమ్మాయి పాత్రలోకి పంపితే ఏమవుతుందో చాలాచోట్ల చూశాను. పట్నం పిల్ల ఒకతి వస్తుంది. నడుం మీద చెయ్యేసుకుని ‘‘మా తిండి మా ఇష్టం, మీకేంది?’’ అంటుంది. చప్పట్లే చప్పట్లు. ఆ పిల్ల నాటకం దిగగానే మళ్లీ పట్నం పిల్ల అయిపోతుంది, ఆమెకేం భయం? వెనక కూర్చున్న గోండు అమ్మాయికి మాత్రం ఆ చప్పట్లు ఒక్క మాటే చెబుతాయి: నువ్వూ ఇట్లా అని ఉంటే పోయేది కదా! తిప్పి తిప్పి తప్పు మళ్లీ ఆమెదే అయింది.

పోనీ, ముక్కు మూసుకున్న అమ్మాయి పాత్రలోకి రానిద్దామా? వచ్చినామె ఎంతో మంచిగా మారిపోతుంది. ‘అబ్బ, ఎంత బాగున్నయో’ అని లడ్డూ తింటుంది. ఇక కథే లేదు.

అందుకని నేను ఒక్క పాత్రకే తలుపు తీస్తాను: పక్కన కూర్చుని ఆలస్యంగా నవ్విన ఆ స్నేహితురాలికి. అది చాలా తేలిక పాత్ర అనుకుని పిల్లలు ఎగబడతారు. మొదట వచ్చే పిల్ల వార్డెన్‌కు చెబుతానంటుంది. ఏ బడికి వెళ్లినా మొదటి ఉపాయం ఇదే. వార్డెన్ వస్తుంది, డబ్బా పారేయమంటుంది. రెండో పిల్ల నవ్వకుండా తల వంచుకుని తన అన్నం తాను తింటుంది, పెద్ద త్యాగం చేసినట్టు. నీకేమనిపించిందని గోండు అమ్మాయి పాత్రధారిని అడిగితే ‘‘ఈమె నవ్వలేదని నాకు తెలవనే లేదు’’ అంటుంది. మూడో పిల్ల ధైర్యం చేసి లడ్డూ తీసుకుని కొరుకుతుంది. ఎదుటి వరస చటుక్కున ఆమె మీదికి తిరుగుతుంది: ‘‘నువ్వు గూడ గా గూడెమోళ్లేనా?’’ నోట్లో లడ్డూ పెట్టుకుని ఆ పిల్ల ఏమనాలో తోచక నిలబడిపోతుంది.

అప్పుడు నాటకం ఆపి, ఆమెను కాదు, చూస్తున్నవాళ్లను అడుగుతాను: మీరు రోజూ ఎందుకు నవ్వుతారు? వాసన వచ్చినందుకు కాదని, ఆ వరస తమ మీదికి తిరక్కుండా ఉండటానికని వాళ్లే చెబుతారు. నా మటుకు నేను పాఠం మొత్తం ఇదేనంటాను. గోండుల పండగలు, తిండి, నాగోబా జాతర గురించి చెప్పాల్సిందే, చెబుతాం కూడా. కానీ ఆ వివరాలన్నీ నోటికొచ్చినవాడు కూడా భోజనాల దగ్గర నవ్వగలడు.

3. వార్డెన్ పాత్ర బాగా మొండివాళ్లకివ్వండి.

పిల్ల ఒక మంచి మాట చెప్పగానే వార్డెన్ కరిగిపోతే, బయట అలా జరగదని పిల్లలకు మనకన్నా బాగా తెలుసు. బోవాల్ అలాంటి పరిష్కారాన్ని మ్యాజిక్ అనేవాడు. వెక్కిరించేవాళ్లు, వార్డెన్ గట్టిగా నిలబడాలి. పిల్ల నిజంగా కొత్త ఎత్తు వేస్తే కొంచెం తగ్గాలి, అంతే. అటూ ఇటూ కాకుండా మధ్యలో నడిపించేవాడిని ఆయన జోకర్ అన్నాడు, మేం సూత్రధారి అనుకున్నాం. సూత్రధారి తీర్పు చెప్పకూడదు. ‘మన హాస్టల్లో ఇట్లా జరుగుద్దా?’ అని పిల్లలనే అడగాలి. టీచర్లకు ఇది మహా కష్టం. నోరు ఊరుకోదు.

4. వేషాలు, యాసలు తగ్గించండి.

మన దగ్గర పరాయి కులాన్ని, పరాయి జాతిని ఆడి చూపించే కళ పాతదే. పగటివేషాలవాళ్లు ఇంటింటికీ తిరిగి ఎన్ని రకాల మనుషుల్ని దింపేసేవారు! ఖాకీ బట్టలేసుకుని కట్టె తుపాకీతో కోతలు కోసే పిట్టలదొరను చూసి నేనూ చిన్నప్పుడు పడీపడీ నవ్వాను. అది గొప్ప పరిశీలన, సందేహం లేదు. కానీ అక్కడ పక్కవాడు మనకు దొరికేది నవ్వులోనే. సినిమా కూడా ఏళ్ల తరబడి తెలంగాణ యాసను హాస్యగాడికీ రౌడీకీ రాసిపెట్టింది. కాబట్టి గోండు అమ్మాయి పాత్రకు పూసల దండలు, ఈకలు తగిలించి వచ్చీరాని తెలుగు మాట్లాడించారంటే, ముక్కు మూసుకున్న పిల్ల పని మీరే చేసినట్టు. మిగతా పిల్లలేసుకున్న యూనిఫామే ఆమెకూ వేయండి. లడ్డూ డబ్బా ఒక్కటి చాలు.

5. కథ ఎవరిదో వాళ్లను మధ్యలో నిలబెట్టొద్దు.

కథలు ఆ పిల్లల దగ్గరే సేకరించాలి. తిండి గురించి చెబుతారని కూర్చుంటే హాజరు పట్టీ గురించి చెబుతారు. గోండుల్లో ఆత్రం అని ఇంటిపేరుంది. టీచరు దాన్ని చదవగానే తరగతిలో ఎవరో ఒకరు ‘ఎందుకంత ఆత్రం’ అంటారు, రోజూ. టీచరుకు అది వినపడదు, లేదా నవ్వొస్తుంది. ఇలాంటివి మన బుర్రలోంచి పుట్టవు. అయితే విన్న కథలో ఊరు మార్చండి, తరగతి మార్చండి, రెండు మూడు కథలు కలిపేయండి. ఆట జరుగుతుండగా ‘నువ్వు గోండు కదా, నువ్వు చెప్పమ్మా’ అని ఎవరినీ లేపకండి. ఆ పిల్ల తన జాతి మొత్తానికీ వకీలుగా రాలేదు, చదువుకోవడానికి వచ్చింది. తానంతట తాను వస్తే సంతోషం.

6. భాష కలవనిచోట మాటలు తీసేయండి.

ఇటుక బట్టీలకు బలాంగీర్, నువాపడా వైపు నుంచి ఒడియా కుటుంబాలు వస్తాయి. వాళ్ల పిల్లలనూ ఊరి పిల్లలనూ కలిపినప్పుడు బోవాల్ బొమ్మల పద్ధతి అక్కరకొచ్చింది. ఒకరు మట్టి, ఒకరు శిల్పి. ‘బడి మొదటి రోజు’ అంటే ఎదుటివాడి చేతులూ మెడా తిప్పి బొమ్మ చేయాలి. ఒడియా పిల్లవాడు చేసిన బొమ్మలో అందరూ వీపు తిప్పి ఉన్నారు. దానికి అనువాదం ఎవరూ అడగలేదు.

7. ఇంత చిన్న వెక్కిరింతకు ఇంత హడావుడా అనేవాళ్లుంటారు.

2014 జనవరిలో ఢిల్లీ లాజ్‌పత్ నగర్‌లో అరుణాచల్ ప్రదేశ్ విద్యార్థి నీడో తానియా జుట్టు చూసి ఎగతాళి చేశారు. అది గొడవైంది, దెబ్బలతో ఆ కుర్రవాడు చనిపోయాడు. ఆ తర్వాతే ఈశాన్య రాష్ట్రాలవాళ్ల కష్టాలు తెలుసుకోవడానికి కేంద్రం బెజ్‌బరువా కమిటీ వేసింది. అడిగినవాళ్లకు ఇది చెబుతాను, ఇంకేమీ వాదించను.

8. ఆడించిన రాత్రి అక్కడే ఉండండి.

బోవాల్ కుర్రతనంలో ఈశాన్య బ్రెజిల్ రైతుల ముందు, భూమి కోసం నెత్తురు ధారపోయాలని పాడే నాటకం ఆడించాడు. వర్జీలియో అనే రైతు పొంగిపోయి, మీ తుపాకులు తీసుకుని రండి, భూస్వామి మనుషుల మీదికి పోదామన్నాడు. ఇవి ఉత్తుత్తి తుపాకులని నటులు నసిగారు. అయితే ధారపోయాల్సింది మా నెత్తురన్నమాట, మీది కాదు అని ఆ రైతు తేల్చేశాడు. ఆ తర్వాత తాను చేయలేని పనిని ఇంకొకరికి ఉపదేశించడం బోవాల్ మానుకున్నాడు.

మనమూ సాయంత్రం బస్సు పట్టుకుని వచ్చేస్తాం. ఆ పిల్ల మాత్రం ఆ రాత్రి అదే వరసలో కూర్చుని తినాలి. అందుకే పిల్లలకన్నా ముందు వార్డెన్‌కు, వంటవాళ్లకు, టీచర్లకు ఒక పూట ఆడించండి. వార్డెన్ పాత్ర మీద కోపం వస్తే అప్పుడే రానివ్వండి. రాత్రి భోజనాలకు మీరూ కూర్చోండి. నెల తర్వాత వెళ్లి ఎవరి పక్కన ఎవరు కూర్చుంటున్నారో చూడండి. ఆట అవగానే ‘ఏం నేర్చుకున్నారు’ అని కాగితాలు పంచితే, మనకు ఏం కావాలో అదే రాసిస్తారు.

9. రెండు పీరియడ్లు అడగండి, మైకు వద్దనండి.

నలభై యాభై మందికి మించితే లేచి వచ్చేవాళ్లు ఉండరు. స్టేజీ వద్దు, మూడువైపులా చాపలు చాలు. ముందు ఏదో ఒక ఆట ఆడించండి. ఒకరు అరచేయి చూపిస్తే, రెండోవారు ముఖాన్ని దానికి జానెడు దూరంలో ఉంచి అది ఎటుపోతే అటు పోవడం బోవాల్ ఆటల్లో ఒకటి. కాసేపాగి ఇద్దరూ పాత్రలు మార్చుకోవాలి. ఇంతసేపూ తిప్పినవాడు తిరగాల్సి వచ్చేసరికి ముఖాలు చూడాలి!

10. వార్షికోత్సవానికి ఒప్పుకోకండి.

ప్రిన్సిపాళ్లు మంచి మనసుతోనే అడుగుతారు, పెద్దలొస్తున్నారు, మీ నాటకం పెడదాం అని. ముందు వరసలో కుర్చీలేసుకుని అతిథులు కూర్చుంటే ఏ పిల్లా ‘ఆపండి’ అనదు. మరీ బలవంతం చేస్తే నేనొక షరతు పెట్టేవాణ్ని: అతిథి కూడా చాప మీదే కూర్చోవాలి, ఒకసారైనా స్నేహితురాలి పాత్రలోకి రావాలి. చాలామంది నవ్వి ఊరుకున్నారు. ఒక పెద్ద అధికారి మాత్రం సరేనని లేచి వచ్చి, లడ్డూ చేత్తో పట్టుకుని వార్డెన్‌కు రాజ్యాంగం చెప్పడం మొదలుపెట్టారు. వార్డెన్ పాత్ర వేసిన తొమ్మిదో తరగతి పిల్ల ‘‘సార్, బెల్లయింది, పడుకోండి’’ అంది. ఆయన ఇంకో అవకాశం అడిగారు.