బందరు జాతీయ కళాశాల – చిత్రకళాభ్యాసం

మంత్రాలయం చెంత బండరాళ్ళను ఒరుసుకొంటూ సాగే తుంగభద్ర, కర్నూలు దాటిన పిదప కృష్ణవేణిలో లీనమవుతుంది. ఆ కృష్ణ కడలిని చేరే సీమకు చేరువనే మచిలీపట్టణం ఉంది. దానికి బందరు అని వాడుక పేరు. శతాబ్దం క్రితం చిత్రలేఖనాన్ని ఒక విద్యగా అభ్యసించగోరిన తెలుగు బాలునికి దారి చూపిన అతి కొద్ది విద్యాలయాలలో ఆంధ్ర జాతీయ కళాశాల ఒకటి.

1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశంలో పర్యటించి చేసిన ప్రసంగాలు యువకులను ఉద్రేకపరిచాయి. కర్నూలులో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఆ సంవత్సరమే రాజమహేంద్రవరం శిక్షణ కళాశాల నుండి బహిష్కృతులయ్యారు. పరప్రభుత్వపు పాఠశాలలు జాతికి పనికివచ్చే మనుషులను తయారుచేయలేవన్న భావం అప్పటి విద్యావంతులలో బలపడింది. కోపల్లె హనుమంతరావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య, కృష్ణాపత్రిక సంపాదకులు ముట్నూరి కృష్ణారావు పూనికతో 1910లో జాతీయ కళాశాల వెలసింది. జాతీయపతాక రూపకర్తగా ప్రసిద్ధికెక్కిన పింగళి వెంకయ్య కొంతకాలం ఇక్కడ అధ్యాపకులు.

పుస్తకవిద్యతోపాటు చేతిపని కూడా నేర్పాలన్నది స్థాపకుల సంకల్పం. అద్దకపు వస్త్రాలతో దేశదేశాల వర్తకులను ఆకర్షించిన బందరులో ఆ సంకల్పం కలగడం సహజమే. కాని సర్కారు గుర్తింపు లేని చదువుకు సర్కారు ఉద్యోగం రాదు. బిడ్డను ఇక్కడ చేర్చిన తండ్రి, గుమాస్తా కొలువుపై ఆశ వదులుకొనే చేర్చాలి. ఎం.ఏ., బి.ఎల్. పట్టాలుండీ న్యాయవాద వృత్తిని త్యజించి, ఊరూరా విరాళాలు సేకరించిన హనుమంతరావు 1922లో, నలభై యేళ్ళు దాటీ దాటకముందే కన్నుమూశారు. స్థాపకుని త్యాగాన్ని అందరూ కీర్తిస్తారు. పట్టా విలువ లేదని తెలిసీ చేరిన విద్యార్థుల తెగువను తలచేవారు తక్కువ.

దాదాపు ఆ రోజులలోనే వంగదేశం నుండి ప్రమోద కుమార ఛటర్జీ చిత్రకళాచార్యులుగా వచ్చారు. ఆయన కలకత్తా కళాశాలలో చదివి, హిమాలయ, టిబెట్ ప్రాంతాలలో సంచరించిన వ్యక్తి. తైలవర్ణాలతో ఎదుటి వస్తువును ఉన్నదున్నట్లు దించే పాశ్చాత్య పద్ధతి నాటి ప్రభుత్వ కళాపాఠశాలలలో ప్రబలంగా ఉండేది. దానికి ప్రతిగా అవనీంద్రనాథ ఠాగూరు ప్రభృతులు పెంపొందించినది వంగశైలి. అందులో కాగితంపై నీటిరంగు పూసి, ఆరిన తరువాత కాగితాన్ని నీటిలో తడిపి తీస్తారు. పైరంగు కొంత కరిగిపోగా, ఇంకిన ఛాయ మాత్రం నిలుస్తుంది. దానిపై మరల రంగు, మరల నీరు. ఇలా పలుమార్లు చేయగా చిత్రమంతా పలుచని మంచు కప్పినట్లు మృదువవుతుంది. తొందరపాటు గల చేయి ఈ పనికి చాలదు. ఏ ఛాయ నిలుస్తుందో, ఏది కరిగిపోతుందో ముందుగా ఊహించగలగాలి.

ఆయన వద్ద నేర్చినవారిలో అడివి బాపిరాజు, గుర్రం మల్లయ్య ముఖ్యులు. బాపిరాజుకు కళపై మక్కువ కలిగించినది మాత్రం రాజమహేంద్రవరం కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు! దామెర్ల రామారావును బొంబాయి కళాశాలకు పంపడానికి పూనుకొన్నదీ ఆయనే. విదేశ విద్యను నిరసించి జాతీయ కళాశాల పుట్టింది; అయినా, దాని శిష్యులలో అగ్రగణ్యునికి మొదటి ప్రోత్సాహం విదేశీయుని నుండి లభించింది. చరిత్ర ఇలా మన విభజనలను ఖాతరు చేయదు.

బాపిరాజు న్యాయశాస్త్ర పట్టభద్రులు. సహాయ నిరాకరణోద్యమంలో కారాగారవాసం చేసినవారు. ఆయన ‘నారాయణరావు’ నవల 1934లో విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’తో కలిసి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతిని పంచుకొంది. శాతవాహన యుగాన్ని చిత్రించిన ‘హిమబిందు’లో వస్త్రాలు, భూషణాలు, వర్ణాలు అంత సూక్ష్మంగా కనిపించడానికి కారణం ఆ చేయి కుంచె పట్టినది కావడమే. 1934 నుండి 1939 వరకు ఆయన తాను చిత్రకళ నేర్చిన ఆ కళాశాలకే ప్రిన్సిపాలుగా పనిచేశారు. ఆ తరువాత హైదరాబాదులో ‘మీజాన్’ పత్రికకు సంపాదకత్వం వహించారు. చలనచిత్రాలకు కళాదర్శకత్వమూ నెరపారు. చిత్రలేఖనం ఒక్కటే ఆయనకు అన్నం పెట్టలేదు. 1952లో మరణించేదాకా కుంచెను మాత్రం వదలలేదు.