బజారు చేగొడ్డలిని చేనిపనికి తీర్చుకొను విధము



వీరపునాయునిపల్లె ప్రాంతమున చేని కావలికి పోవువాడును, గొఱ్ఱెల మందవద్ద రాత్రులు గడపువాడును తప్పక వెంట నుంచుకొను పనిముట్టు చేగొడ్డలి. కంచెకు కంప నఱకుటకును, మంచెకు గుంజలు చెక్కుటకును, పొయ్యికి కట్టెలు చీల్చుటకును అది యొక్కటియే చాలును. పూర్వము దానిని ఊరి కమ్మరి మన చేతికి తగినట్లు చేసి యిచ్చుచుండెను. ఇప్పుడు తఱుచుగా అంగడిలో కామతోసహా కొనుచున్నాము. ఆ కొన్నదానిని కొన్నట్లే వాడుటలోని యపాయమును, దానిని తీర్చుకొను పద్ధతిని ఇచ్చట వ్రాయుచున్నాను.

మన సీమలో గొడ్డలికి గట్టి పరీక్ష పెట్టునది సర్కారు తుమ్మ. ఈ చెట్టు మన పొరుగుననే దిగినదని చాలమంది యెఱుగరు. 1876లో మద్రాసు రాజధాని అటవీశాఖలోని బెడ్డోం దొర మెట్టసీమలలో పెంచుటకై దీని విత్తనములు కావలెనని ప్రభుత్వమునకు వ్రాసెను. తరువాతి రెండు మూడేండ్లలో కమలాపురమున దీనిని నాటిరి. నేడది చెఱువు గర్భములను, వంకల గట్లను, బీళ్లను ఆక్రమించియున్నది. దాని కట్టె యెంత గట్టిదో నఱకినవాని మణికట్టునకు తెలియును.

కొన్ని యేండ్ల క్రిందట నేనొక గ్రామమున బీడు శుభ్రపఱచుట చూపుచు, అంతకు ముందుదినమే కొన్న చేగొడ్డలిని ఎత్తితిని. నాలుగవ వ్రేటునకు తల యూడి, చూచుచు నిలిచిన యొక బాలుని చెవిప్రక్కగా పోయి గట్టున పడెను. వానికి దెబ్బ తగులలేదు. నా చేతులు మాత్రము ఆ దినమంతయు వణకుచునే యుండెను. కామను పరీక్షింపగా కన్నములో కఱ్ఱ సగము మాత్రమే నిండియుండెను. మిగిలినదంతయు రంగును, లక్కయును. గొడ్డలి తల యూడి పొరుగువాడు చచ్చిన యెడల చంపినవానికి ఆశ్రయపురము చూపుమని బైబిలు ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయమున నున్నది. ఈ యాపద యంత పాతదన్నమాట.

కొనునప్పుడు తలను మాత్రమే చూడుడు. బరువు ముప్పాతిక కిలోకు మించనక్కఱలేదు. కన్నము గుండ చూచిన అది వాదరతో సరిగా వరుసలో నుండవలెను. వంకరగా నున్నదానిని ఎవ్వరును సరిదిద్దలేరు. వాదరపై ఆకురాయి నొకమాఱు నడుపుడు. కొంచెము కష్టముగా కొఱికిన మంచి ఉక్కు. జాఱిపోయిన మిక్కిలి పెళుసు, ముక్క లేచును. వెన్నవలె కొఱికిన మెత్తన, వంగిపోవును.

అంగడి గొడ్డలి వాదర తఱుచుగా మొద్దుగా నుండును. అది కట్టెను కోయదు, చితుకగొట్టును. దీనిని పలుచన చేయుటయే అసలు పని. కోణము తెలిసికొనుటకు సులభోపాయము కలదు: కాగితపు చతురపు మూలను ఒకమాఱు మడచిన 45 డిగ్రీలు, మరల మడచిన 22½ డిగ్రీలు వచ్చును. వాదరకు వెనుకనున్న చెక్కిళ్లను ఆ రెండవ మడతకు సరిపోవునట్లు అరుగదీయుడు. చిట్టచివరి వాదరను మాత్రము సుమారు 30 డిగ్రీలకు తెండు. లేనియెడల ఎండిన తుమ్మ ముడి తగులగానే వాదర మడతపడును. చెక్కిలి చదునుగా నుండరాదు. గోరువలె కొంచెము ఉబ్బియుండిన కట్టెలో ఇఱుకుకొనదు. ఆకురాయి ముందునకు త్రోయునప్పుడే కోయును గావున, వెనుకకు తెచ్చునప్పుడు పైకెత్తవలెను. చేతికి మందపు గుడ్డ చుట్టుకొనుడు. తుదకు సానరాతిపై నీరు చల్లి నునుపు చేయుడు.

కరెంటు సానపై పెట్టించువారికొక హెచ్చరిక. వేడిమి సుమారు 300 డిగ్రీల సెంటీగ్రేడునకు పోగానే ఉక్కు నీలివన్నె తిరుగును. అచ్చటి గట్టితనము పోవును. నీలము ఒక గీటంత యైన ఆకురాయితో తీసివేయవచ్చును. అంతకు మించిన కమ్మరి కొలిమిలో మరల కాచి నీట ముంచి పదును తేవలెను. కావున రెండు క్షణముల కొకమాఱు నీట ముంచుచు, వ్రేలితో తాకగలిగినంత చల్లగా నుంచుడు.

కామకు చిరుమాను శ్రేష్ఠము. నల్లతుమ్మ చేవయు పనికివచ్చును. వడ్రంగియొద్దగాని కట్టెల అడితిలోగాని కొనుడు. ఎఱ్ఱచందనము జోలికి పోవలదు. 1995 నుండి దాని విదేశ వర్తకముపై అంతర్జాతీయ ఒడంబడిక నియంత్రణ కలదు, మన అడవిలో అనుమతి లేక కొమ్మ నఱకినను నేరమే. ఱంపముతో కోసినదానికన్న చీల్చిన కఱ్ఱ మేలు, ఏలయన పోగు తెగదు. నీడలో ఏడాది యెండవలెను. కొనయందు కనబడు వలయరేఖలు వాదర పోవు దిక్కుననే సాగవలెను. అడ్డముగా నున్న కామ విఱుగును. అంగడి కామలు మిక్కిలి పొట్టి. 18 మొదలు 20 అంగుళము లుంచుడు. వ్రేటు తప్పినను వాదర మోకాలికి రాక నేలను తాకును. గుండ్రముగాక కోడిగ్రుడ్డు రూపున చెక్కిన, చీకటిలోను వాదర యెటున్నదో చేతికి తెలియును. గాజు పెంకుతో గీకి నునుపు చేసి అవిసెనూనె పట్టింపుడు. వేరుసెనగనూనె ఆఱిపోదు, జిడ్డుగా నుండి చేయి జాఱును.

కన్నములో దూరు భాగమున మూడింట రెండు వంతుల లోతు చీలిక కోసి, కామను బిగియ దిగగొట్టి, ఎండిన కఱ్ఱ చీలను పైనుండి కొట్టుడు. వెలితి గోరంతయు నుండరాదు. వదులైనప్పుడు తలను నీట నానబెట్టుట మనలో అలవాటు. అది ఒక పూటకే మేలు: ఉబ్బిన కఱ్ఱ ఇనుమున కొత్తుకొని నలిగి, ఆఱినపిదప మునుపటికన్న సన్నబడును. మన వేసవిలో కామలు తగ్గుట సహజము గనుక, చైత్రము మొదలు ప్రతి వారము చూచి చీలను బిగింపుడు. గొడ్డలిని ఎండలో పడవేయకుడు. వాదరకు పాత టైరు ముక్క తొడుగు చాలును.

ఆకురాయి, సానరాయి ఇంటింట నక్కఱలేదు. సంఘమున ఒక్కొక్కటి యుంచిన పదిమందికి సరిపోవును.

సర్కారు తుమ్మను భూమట్టమున నఱకిన మొద్దు మరల గుబురుగా చిగుర్చును, ఏలయన మొగ్గలు నేలలోపలి మొదటియందును గలవు. చుట్టును జేనెడు లోతుకు మించి త్రవ్వి వేరు నఱకవలెను. ఆ పనికి ఇంటనున్న పాత గొడ్డలిని తీసికొని పొండు. క్రొత్తగా తీర్చినదానికి మంటిలో ఒక్క గులకఱాయి తగిలిన రెండు గంటల ఆకురాయి పని మొదటికి వచ్చును.