పెరటి కోడియు బావురుపిల్లియు

తెల్లవారుజామున గూటి తలుపు తీసిన ఇల్లాలికి ఎనిమిది కోళ్లు మెడలు కొరకబడి పడియుండుట కనబడును. తొమ్మిదవది మాత్రము లేదు. ఆకలికైనచో ఒకటి చాలును గదా, మిగిలిన ఎనిమిదింటిని ఊరక చంపవలసిన పని యేమని ఆమె కడుపుమంట. గట్టు వెంబడి జాడలు చూచి బావురుపిల్లి యని ఇరుగుపొరుగువారు తేల్చుదురు. చీకటి పడులోపల చచ్చిన కోడి నొకదానిని చీల్చి, పొలమునకు తెచ్చిన గుళికల మందు కొంత అందులో కూరి గట్టు మీద పెట్టుదురు. పల్లెలలో ఇది కొత్త సంగతి కాదు. ఇందులో న్యాయమెంత యనునదే ఈ పాఠమున విచారింపదగిన విషయము.

లింగాయత గృహములలో కోళ్లు పెంచరు గదా, ఈ చర్చ మనకేల యని కొందరికి తోచవచ్చును. పొలము మనదైనను అందులో పాటుపడు పాలేరు ఇంట కోళ్లుండును. మఠపు మాన్యమును కౌలుకు చేయు రైతు పెరటిలో నుండును. గుళికల సంచి చాలచోట్ల ఆసామి కొట్టములోనిదే. అడిగినవానికి దోసెడు మందు తీసి యిచ్చిన చేయి ఆ చావులో పాలు పంచుకొనలేదని చెప్పుట కష్టము. 2019 నాటి 20వ పశుగణనలో దేశమున తేలిన 85 కోట్ల కోళ్లలో 31 కోట్లకు పైగా పెరటి కోళ్లే. కూలి దొరకని దినములలో పిల్లకు పుస్తకములు, ముసలివానికి మందు ఆ గుడ్ల మీదనే వచ్చుచున్నవి. కోడి లేని ఇంటివాడు కోళ్లు పోగొట్టుకొన్నదానికి అహింస బోధించుట మిక్కిలి సులభము. అట్టి బోధకు విలువ లేదు. కాయకమే కైలాసమని నమ్మినవారికి ఆమె కోళ్ల పెంపకము కూడ కాయకమే.

ఇక మొదట తీసివేయవలసిన మాట యొకటి కలదు. కోళ్లపై జాలితో పిల్లిని చంపుచున్నామని కొందరందురు. పిల్లి నుండి తప్పిన కోడి పండుగనాడు కత్తికి తప్పదు. కావున అది కోడిపై దయ కాదు, సొత్తుపై మమకారము. సొత్తును కాపాడుకొనుట తప్పు కాదు. పేదవాని సొత్తును కాపాడుట మరింత ఒప్పు. అయినను దానికి దయ యను పేరు పెట్టరాదు. పేరు సరిగా పెట్టినప్పుడే ప్రశ్న సూటిగా నిలుచును: ఇంత సొత్తు కొరకు ఆ ప్రాణమును తీయవచ్చునా? తీయక తప్పదా?

ఎనిమిది కోళ్లను ఊరక చంపినదను కోపమునకు సమాధానము జంతుశాస్త్రమున కలదు. హాన్స్ క్రూక్ అను శాస్త్రజ్ఞుడు 1972 లో దీనిని గూర్చి వ్రాసినాడు. కటికచీకటి రాత్రులలో నేల మీద గూళ్లు కట్టుకొన్న తీరపక్షులు కదలక ఉండిపోగా, నక్కలు అవసరమునకు మించి పెక్కింటిని చంపుట ఆయన గమనించెను. అడవిలో ఒక దానిని పట్టగానే తక్కినవి పారిపోవును, వేట అంతటితో ఆగును. మూసిన గూటిలో కోడి పారిపోలేదు. రెక్కలు కొట్టుకొని కళ్ల యెదుట తిరుగుచునే యుండును. కదలుదానిని పట్టుట పిల్లికి పుట్టుక నుండి వచ్చిన గుణము. అది పగ కాదు. పగ యనునది గట్టు మీద మందు పెట్టు మనుష్యునికే తెలియును. ఆ గూటిని కట్టినవాడును మనుష్యుడే యని కూడ గుర్తుంచుకొనవలెను.

బావురుపిల్లి దినచర్యలో కోడి అరుదైన సంగతి. రాజస్థానమున సరిస్కా అభయారణ్యములో జరిపి 2004 లో ప్రకటించిన పరిశీలనలో, ఒక బావురుపిల్లి దినమునకు మూడు నుండి ఐదు ఎలుకలను పట్టి తినునని అంచనా వేసిరి. సంవత్సరమునకు వేయికి మించిన లెక్క యిది. వరి గట్లలోను గాదెల క్రిందను తిరుగు ఎలుకలు ఎవరి ధాన్యమును తినుచున్నవో ఆలోచింపుడు. లాభము పొలము గలవానికి. నష్టము పెరటిలో కోళ్లు గలదానికి. ఇద్దరిని వేరువేరుగా చూచినంత కాలము ఆమె కోపము న్యాయముగను, ఆసామి నీతి చౌకగను కనబడుచునే యుండును. ధాన్యము మిగిలిన ఇంటినుండి గూటికి ఖర్చు పోవుట దాసోహమునకు చక్కని తావు. ఇది భిక్ష కాదు, బాకీ తీర్చుట.

విషము సంగతి వేరుగా చెప్పవలెను. గట్టు మీది మాంసమునకు ఎవరి పేరును వ్రాసియుండదు. ముంగిస తినును, కాకి తినును, ఊరకుక్క తినును, మేతకు తోలుకొనిపోయిన గొల్లవాని కాపలాకుక్కయు తినును. చచ్చినదానిని తిన్నది మరల చచ్చును. పొలము చుట్టు కరెంటు తీగ లాగుట అంతకంటె ఘోరము. అడవిపందికై లాగిన తీగలకు చీకటిలో పొలమునకు వెళ్లిన మనుష్యులే బలియగుచున్నారు. బావురుపిల్లిని చంపినను ఆ తావు ఖాళీగా నుండదు. ఎలుకలును, తెరచిన గూడును ఉన్నచోటికి ఇంకొకటి వచ్చును. ప్రతి యేడు చంపుచు ప్రతి యేడు కోళ్లను పోగొట్టుకొను ఇండ్లు ఇందుకే ఉన్నవి.

చట్టము కూడ ఇట్లే చెప్పుచున్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున బావురుపిల్లియు, నక్కయు రక్షితములు. తన ప్రాణమునకో పరుల ప్రాణమునకో అపాయము కలిగినప్పుడు సద్బుద్ధితో ఎదుర్కొని చంపినచో నేరము కాదు. కోళ్లకు ఆ మినహాయింపు వర్తింపదు. ఉచ్చు వేయుట, బోనులో పట్టి దూరమున విడుచుట కూడ చట్టము దృష్టిలో వేటయే యని చాలమందికి తెలియదు. పిచ్చి పట్టిన నక్క వాకిటిలోని పిల్లల మీదికి వచ్చినచో ఆలోచించుచు నిలుచుండుట ధర్మము కాదు, చట్టమును అట్లు కోరదు.

రాతి నాగునకును ప్రాణమున్న నాగునకును లోకులు చూపు భేదమును బసవేశ్వరుడు ఒక వచనమున నిలదీసినాడు. గుడ్లకై గూటిలో దూరిన జెర్రిపోతును కఱ్ఱతో కొట్టువారు ఆ వచనమును ఎరిగినవారే కావచ్చును. అట్లని శరణ సంప్రదాయము వేటగానిని అసహ్యించుకొనలేదు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున కన్నప్ప కథను ఆదరముతో చేర్చినాడు. అడవిలో పుట్టి వేటతో బ్రతికినవాని భక్తికి అక్కడ లోటు రాలేదు. బ్రతుకుతెరువైన వేట వేరు, గూటి తలుపు మూయని బద్ధకమునకు పిల్లి మీద తీర్చుకొను కసి వేరు.

గూటి పని పెద్దది కాదు. పలుచని కోళ్లవలను నక్క పళ్లతో చింపును. వెల్డింగు చేసిన అరంగుళపు కన్నుల జాలి కావలెను. ముంగిస త్రవ్వి దూరకుండ ఆ జాలిని అడుగు లోతున పాతి, వెలుపలికి మడవవలెను. సందె వేళ కోళ్లు తమంతట తామే గూటికి చేరును. అప్పుడు తలుపు వేయు మనిషి ఒకరుండవలెను. చాల గూళ్లలో లోపము జాలిలో కాదు, ఈ ఒక్క పనిలోనే. పగటిపూట గద్ద తన్నుకొనిపోకుండ చిన్నపిల్లలను గంప క్రింద ఉంచుట మన అవ్వలెరిగినదే. దీనితో పాటు కొక్కెర తెగులునకు టీకా వేయించవలెను: మొదటి వారమున కంటిలో చుక్క, ఎనిమిదవ వారమున సూది. పిల్లి ఒక గూటిని పాడుచేయును, ఈ తెగులు వాడనంతటిని ఒక్క వారములో ఊడ్చివేయును. అయినను దాని మీద ఎవ్వరును కఱ్ఱ ఎత్తరు.

మఠములు తమ కౌలుదారుల వాడలో పది గూళ్లకు జాలి కొనియిచ్చి, పశువైద్యుని ఒక పూట పిలిపించి టీకాలు వేయింపవచ్చును. జాలి బిగించు పనికి వాడ పిల్లలు చాలుదురు. గుళికల సంచిని తాళము వేసిన గదిలో ఉంచుట మాత్రము ఆ దినముననే చేయవలసిన పని.